రైలుబాటయు, పిడుగుపాటును

పిడుగుకును బిచ్చమునకును ఒకటే మంత్రమా యని మన పెద్దలు పరిహసించిరి. ఆ పరిహాసమునకు మనము నేటికిని పాత్రులమై యున్నాము. ఆకాశము గర్జించినపుడు అర్జునుని పేర్లు వరుసగా పఠించుట మన పల్లెల ఆచారము. భయార్తుడగు మానవునకు ఆ నామస్మరణము ధైర్యము నొసంగును. దానిని మేము తప్పుపట్టము. కాని ధైర్యము వేఱు, రక్షణము వేఱు. పొలములో కూలివాడు పడిపోయినను, పాడిగేదె చెట్టుక్రింద కూలినను, రైలు నడిదారిలో నిలిచిపోయినను మన కార్యాలయములకు తెలిసిన మంత్ర మొక్కటియే: దైవఘటన. ఈ మంత్రముతో విచారణ ముగియును. బాధ్యతయు ముగియును. మరుసటి వేసవిలో మరల ఆ పిడుగే, మరల ఆ మంత్రమే.

మన దేశమున 2022వ సంవత్సరములో ప్రకృతిశక్తులవలన మరణించినవారు 8,060 మంది యని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క తేల్చినది. అందు 2,887 మంది, అనగా నూటికి ఇంచుమించు 36 మంది, పిడుగుపాటునకు బలియైనవారే. తుపాను వచ్చినపుడు పత్రికల మొదటిపుటలు నిండును, మంత్రులు విమానములలో తిరిగి చూతురు, చందాలు పోగగును. పిడుగు అట్లు గుంపుగా చంపదు. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్కరిని కొనిపోవును. అందుచే దాని లెక్క లోకమునకు కనబడదు. 2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన మన రాష్ట్రములో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు ప్రకటించిరి. అది దాళ్వా కోతల కాలము. ఆ దినమున ప్రాణములు పోగొట్టుకొన్నవారి వార్తలు మరునాటి పత్రికలలో వచ్చినవి. ఆ మరునాటికి మరపున పడినవి.

కోనసీమవాసులకు ఈ విషయమును మేము విశేషించి విన్నవించుటకు రెండు కారణములు గలవు. మొదటిది ఈ భూమి స్వరూపము. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ మధ్యగా, సముద్రముదాక పఱచుకొన్న చదునైన నేల యిది. కొండ లేదు, గుట్ట లేదు. మడిలో నిలిచిన మనిషియే అచ్చట ఎత్తైన వస్తువు. తోటలోనికి పోయినచో కొబ్బరిచెట్టు ఎత్తైనది. దాని మ్రాను రసముతో నిండియుండును. మొవ్వు మేఘమునకు దగ్గరగా నుండును. పిడుగునకు అంతకంటె సుగమమగు మార్గ మేది? మొవ్వు కాలి మ్రోడైన కొబ్బరిచెట్టును చూడని రైతు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో నుండడు. వాన రాగానే ఆ చెట్టు క్రిందికే మన మనుష్యులు పరుగెత్తుచున్నారు; పశువులను దానికే కట్టివేయుచున్నారు.

రెండవ కారణము రైలుబాట. కోనసీమకు రైలు ఎంతకాలపు ఆశయో చెప్పనక్కఱలేదు. కాకినాడనుండి కోటిపల్లివఱకు సుమారు 45 కిలోమీటర్ల మార్గము 1928లో వేయబడినది. పండ్రెండేండ్లు గడువకమునుపే, 1940లో, రెండవ ప్రపంచయుద్ధ ప్రయోజనార్థమని పాలకులు ఆ పట్టాలను పెఱికి కొనిపోయిరి. మన సమ్మతి నడిగిన వారు లేరు. యుద్ధము ముగిసినది, పాలకులు పోయిరి, స్వరాజ్యము వచ్చినది. పట్టాలు మాత్రము 2004వ సంవత్సరముదాక తిరిగి రాలేదు. కోటిపల్లినుండి అమలాపురము, రాజోలు మీదుగా నరసాపురమునకు సుమారు 57 కిలోమీటర్ల మార్గము 2000-01 సంవత్సరపు రైల్వే బడ్జెటులో మంజూరైనది. దానికై పాటుపడిన లోకసభాధ్యక్షుడు, అమలాపుర ప్రతినిధి, గంటి మోహనచంద్ర బాలయోగిగారు 2002వ సంవత్సరము మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. రెండు దశాబ్దములకు పైగా గడచినను మూడు నదులమీదుగా రైలు నడచుట మన కన్నులకింకను పండుగ కాలేదు. కోటిపల్లి రేవున దిగి పంటుమీద ముక్తేశ్వరమునకు దాటిన తరములవారికి ఈ నిరీక్షణ ఎంత భారమో తెలియును.

బాటయే పూర్తి కాలేదు, ఇప్పుడు పిడుగుమాట యెందులకని కొందఱు పాఠకు లడుగవచ్చును. మా ప్రత్యుత్తర మిది: ఇల్లు కట్టిన పిదప పునాది గట్టిచేయుట దుస్సాధ్యము. కాగితముమీద నున్నపుడు చేర్చు రక్షణకు అయ్యెడి వ్యయము స్వల్పము. ప్రమాదము జరిగిన పిదప చేర్చుటకు వ్యయము అధికము, దానితోపాటు ప్రాణములును పోవును. ఆలస్యము మనకు మిగిల్చిన ఒకే యొక మేలు ఇది: ఇతరులు నష్టపడి నేర్చుకొన్న పాఠమును మనము నష్టపడక నేర్చుకొనవచ్చును.

ముందుగా రైలుబాటకును పిడుగునకును గల సంబంధమును గ్రహింతము. మేఘములో మంచుకణములును, మెత్తని వడగండ్లును ఒకదానితో నొకటి రాచుకొనుటవలన విద్యుదావేశములు విడిపడును. ఆ వ్యత్యాసము గాలి తాళజాలనంత యైనపుడు భూమిమీదికి విద్యుత్తు దుముకును, అదియే పిడుగు. ఆ రేఖలో వేడిమి సూర్యుని ఉపరితలపు వేడిమికి సుమారు అయిదురెట్లు. సామాన్యపు పిడుగులో ప్రవహించు విద్యుత్తు ఇంచుమించు 30,000 ఆంపియరులు. రైలుబాట ఈ శక్తికి పఱచిన ఇనుపదారి. మైళ్లకొలది ఉక్కుపట్టాలు, వానివెంట సంకేతములకై భూమిలో పాతిన తంతులు, పైన 25,000 వోల్టుల విద్యుత్తు మోయు తీగ, దానిని మోయు స్తంభములు. పిడుగు నేరుగా బాటమీద పడనక్కఱలేదు. ప్రక్కమడిలో పడినను చాలును. ఆ పొడవైన తంతులలో ఒక్క క్షణకాలము విపరీతమైన విద్యుత్తు పుట్టి పొంగును. పూర్వము సంకేతములను ఇనుపమీటలతోను, లాగుడుతీగలతోను నడిపిరి. అవి మోటువైనను ఈ పొంగునకు కొంత ఓర్చుకొనెను. నేటి సంకేతములను నడుపునవి సుకుమారమగు యంత్రములు. బాటమీద బండి యున్నదో లేదో చెప్పునది ఆ యంత్రమే. దానికి పిడుగు సోకెనా, స్టేషను మాస్టరునకు కన్ను పోయినట్లే.

అయినను బండిలో కూర్చున్న ప్రయాణికుడు భయపడనక్కఱలేదు. ఉక్కుపెట్టె చుట్టును కవచమువలె నిలుచును; పిడుగు పెట్టె వెలుపలినుండియే పట్టాలకు, పట్టాలనుండి నేలకు దిగిపోవును. అపాయము బండిలోనివానికంటె బండికై వేచియున్నవానికి అధికము. వానికంటె బాటమీద పనిచేయువానికి అధికము. చిన్న హాల్టులో నాలుగు గుంజలమీద రేకు కప్పి ఆశ్రయమని పేరుపెట్టుట మన అలవాటు. గోడలు లేని రేకుపాక వాననుండి కాపాడునేమో గాని పిడుగునుండి కాపాడదు. ఇక ఎత్తుకట్టమీద, చుట్టును మాగాణి పఱచుకొన్నచోట, భుజమున ఇనుపసామాను వేసికొని బాటను పరీక్షించుచు పోవు గ్యాంగుమనిషి స్థితి యెట్టిదో ఊహింపుడు. నది నడుమ వంతెన స్తంభముమీద పనిచేయు కూలివాని స్థితి యంతకంటె దారుణము.

పిడుగు పడుట దైవాధీనము. పడిన పిదప ఏమగునో అది మనుష్యాధీనము. ఈ సత్యమునకు 2011వ సంవత్సరము జూలై 23వ తేదీ రాత్రి చీనాదేశమునందలి వెన్‌జౌ నగరముకడ జరిగిన దుర్ఘటనకంటె స్పష్టమగు నిదర్శనము వేఱొకటి లేదు. గాలివానలో పిడుగుపడి అచ్చటి సంకేతయంత్రములు చెడినవి. వేగముగా పోవు రైలొకటి బాటమీద ఆగిపోయినది. బాటమీద బండి యుండగా లేదని యంత్రము చూపెను. వెనుకవచ్చుచున్న బండికి దారి తెఱచియున్నట్లే కనబడెను. రెండవ బండి మొదటిదానిని వెనుకనుండి గ్రుద్దెను. పెట్టెలు ఎత్తైన వంతెనమీదనుండి క్రిందపడెను. 40 మంది మరణించిరి. మొదట వినబడిన మాట పిడుగు. ప్రజలు దానితో తృప్తిపడలేదు. ఆగ్రహించిరి, ప్రశ్నించిరి. తుదకు ఆ సంవత్సరము డిసెంబరులో ప్రభుత్వ విచారణసంఘము ప్రకటించిన నివేదికలో దోషము పిడుగుది కాదనియు, యంత్రము కల్పనలోనే గొప్ప లోపమున్నదనియు, దానిని సరిగా పరీక్షింపకయే అంగీకరించిరనియు, నిర్వహణము శిథిలమనియు తేలినది.

రైలు సంకేతశాస్త్రమునకు మూలసూత్ర మొకటి గలదు. యంత్రము చెడినచో ఎఱ్ఱదీపమే చూపవలెను. తెలియనిచోట ఆగుమనియే చెప్పవలెను. ఆ సూత్రము వెన్‌జౌలో తప్పినది. పిడుగు దానిని తప్పింపలేదు. పిడుగునకు పూర్వమే మనుష్యులు తప్పించి యుంచిరి. పిడుగు వచ్చి ఆ తప్పును బయటపెట్టినది, అంతియే.

మన చట్టమును ఈ వివేకమునే బోధించుచున్నది. 1989వ సంవత్సరపు రైల్వే చట్టములోని 93వ విభాగము ప్రకారము రైలులో పంపిన సరకు దైవఘటనవలన నశించినచో రైల్వేవారికి బాధ్యత లేదు. అచ్చటనే చట్టము ఊరుకొనలేదు. తాము తగిన ముందుచూపుతోను, తగిన జాగ్రత్తతోను వర్తించితిమని రైల్వేవారు నిరూపించినగాని ఆ మినహాయింపు చెల్లదని వెంటనే చెప్పినది. అంబాజీపేటనుండి కొబ్బరి ఎగుమతిచేయు వర్తకులు ఈ వాక్యమును జ్ఞప్తియం దుంచుకొందురుగాక. సరకు విషయమున చట్టము అడిగిన ముందుచూపును ప్రాణముల విషయమున ప్రజ లడుగుట తప్పగునా?

కావున కోటిపల్లి నరసాపురముల బాటను కట్టువారిని మేము కోరున దిది. సంకేతముల తంతులకు, యంత్రములకు పొంగును నేలకు మళ్లించు రక్షకములను అంచెలంచెలుగా అమర్చవలెను. ఒక్కటి పెట్టి పని ముగిసెననుకొనరాదు. నేలతో సంధానము, వాడుకలో ఎర్తింగు అందుము, రక్షకమునకు ప్రాణము. కోనసీమ నేల తడిగలది, ఒండ్రునేల. విద్యుత్తు దిగిపోవుట కనుకూలము. కాని సముద్రపు ఉప్పుగాలియు, ఉప్పునీరును ఇనుమును తినివేయును. మొదటి సంవత్సరము బాగుగా పనిచేసిన ఎర్తింగు కొలది యేండ్లలో మట్టిలో మట్టియై యుండవచ్చును. పైకి మాత్రము సర్వము సవ్యముగనే కనబడును. రాగితీగ దొంగలపాలగుటయు కలదు. కావున ఏటేట వేసవి గాలివానలకు ముందే ప్రతి సంధానమును కొలచి పరీక్షింపవలెను. గౌతమి, వైనతేయ, వసిష్ఠ వంతెనలమీద ఈ పరీక్ష మఱింత శ్రద్ధతో జరుగవలెను. నది నడుమ అంతకంటె ఎత్తైన వస్తువు లేదు.

హాల్టులలో రేకుపాకలు చాలవు. గోడలుగల పక్కాగది యొకటి యుండవలెను. దానికి తాళము వేసి సామాను గదిగా మార్చరాదు. ఉఱుము వినబడినపుడు బాటమీద పనిచేయువారు పని మాని ఆశ్రయము చేరుటకు వ్రాతపూర్వకమగు ఉత్తరువు ఉండవలెను. పని మానిన కారణమున వారి కూలి కోయరాదు. సంకేతములు చెడినపుడు స్టేషను మాస్టరు చేతికాగితము వ్రాసియిచ్చి బండ్లను మెల్లగా నడుపవలసియుండును. ఆ సమయముననే మానవుని పొరపాటునకు అవకాశ మెక్కువ. సంకేతములు చెడినపుడేమి చేయవలెనో గాలివాన రాకముందే అభ్యాసము చేయించుట అధికారుల విధి.

రైల్వేవారి విధిని చెప్పి మన విధిని దాచుట న్యాయము కాదు. పిడుగువలన చనిపోవువారిలో అధికులు రైలుబాటమీద కాదు, మన పొలములలోనే చనిపోవుచున్నారు. ఆ పొలములకు యజమానులు ఈ పత్రికను చదువుచున్న మీరే. దాళ్వా పంట కోతకు వచ్చునది ఏప్రిల్ మాసమున. గాలివానలు లేచునదియు అప్పుడే. పనలు తడియకమునుపు కుప్ప వేయవలెనని యజమానికి తొందర. కూలి పోవునేమోయని కూలివానికి జంకు. ఈ రెంటి నడుమ ఉఱుము వినబడినను పని సాగును. కుప్ప తడిసిన ఆరబెట్టుకొనవచ్చును. మనిషి పోయిన తిరిగి రాడు. కొబ్బరి దింపువాడు చెట్టుపైన నుండగా మబ్బు కమ్ముచున్నచో వానిని క్రిందికి పిలుచుట యజమాని బాధ్యత. మిగిలిన గెలలు మరునాడు దింపవచ్చును. పని ఆగిన ఆ గంటకును కూలి యిచ్చువాడే దయగల ఆసామి యని మా అభిప్రాయము.

హెచ్చరికలు లేకపోలేదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు ఏయే మండలములలో పిడుగులు పడు సూచన గలదో ముందుగా తెలియజేయుచున్నారు. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు దామిని యను సాధనమును చేతిఫోనులో అందఱికిని అందుబాటున నుంచిరి. కాని హెచ్చరిక ఆసామి చేతిఫోనుదాక వచ్చి ఆగుచున్నది. మడిలో వంగి కోయువాని ఫోను గట్టుమీద సద్దిమూటలో నుండును; ఉండకయు పోవచ్చును. గుడిగంట, మసీదు మైకు, చర్చిగంట, గ్రామ కార్యాలయపు దండోరా, ఏది యుపయోగపడిన దానిని వినియోగింపుడు. ఒక నిర్ణీతమగు ధ్వని వినబడిన వెంటనే పొలమునుండి రావలెనని ఊరంతయు ఒప్పందము చేసికొన్నచో దీనికి ఖర్చేమి?

ఏ యంత్రమును లేనివానికిని ఒక లెక్క గలదు. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడువఱకు లెక్కింపవలెను. మూడు అంకెలకు ఒక కిలోమీటరు దూరము. ముప్పదిలోపల ఉఱుము వినబడినచో అపాయము మీదికి వచ్చినట్లే. వెంటనే పక్కాయింటిలోనికో, తలుపులు మూసిన మోటారుబండిలోనికో పోవలెను. కడపటి ఉఱుము వినబడిన పిదప ముప్పది నిమిషములు బయటికి రాగూడదు. చెట్టుక్రింద నిలువరాదు, చెఱువులో, కాలువలో నుండరాదు, నేలమీద పండుకొనరాదు. పిడుగు పడినచోటినుండి విద్యుత్తు నేలలో వ్యాపించును. కాళ్లనడుమ ఎడమెక్కువైన కొలది అపాయ మెక్కువ. పశువు ముందటి కాలునకును వెనుకకాలునకును నడుమ ఎడము మిక్కుటము; చెట్టునకు కట్టిన పశువులు చచ్చుటకు ఇదియే హేతువు. ఉఱుము వినగానే పలుపు విప్పుడు.

మఱియొక మూఢభావమును విడువవలసియున్నది. పిడుగు తగిలినవానిని ముట్టుకొన్న తమకును తగులునని కొందఱు దూరముగా నిలుతురు. ఆ దేహములో విద్యుత్తు లేశమును నిలిచియుండదు. వాని గుండె ఆగియుండవచ్చును; వెంటనే ఱొమ్మును లయబద్ధముగా నొక్కి, శ్వాస నందించినచో బ్రతుకు అవకాశము గలదు. ఆసుపత్రి దూరమైన లంకగ్రామములలో ఆ కొలది నిమిషములే ప్రాణమునకు విలువ. ప్రతి పాఠశాలలోను ఈ విద్య నేర్పుట మందులు పంచుటకంటె తక్కువ పుణ్యము కాదు.

ప్రభుత్వమువారికిని ఒక మాట. 2021 మొదలు 2026 వఱకు విపత్తు సహాయనిధికి కేంద్రమువారు అంగీకరించిన పండ్రెండు విపత్తుల పట్టికలో తుపాను, వరద, కఱవు, భూకంపము, వడగండ్లు, చీడలు, చలిగాలులు సయితము చేరినవి, పిడుగు చేరలేదు. స్థానిక విపత్తులను రాష్ట్రములు తమ నిధిలో పదియవవంతునుండి భరింపవచ్చునని మాత్రము ఏర్పాటు చేసిరి. ఒడిషా ప్రభుత్వము 2015లోనే దీనిని రాష్ట్రవిపత్తుగా ప్రకటించెను. ఏటేట సుమారు మూడువేల ప్రాణములను కొనిపోవు దానిని విపత్తుగా లెక్కించుటకు సంకోచ మెందులకో మాకు బోధపడదు. లెక్కకు రాని చావునకు నివారణయు రాదు.

వంతెన నిర్మాణము మన చేతిలో లేదు. అడుగుట మన చేతిలో నున్నది. కోనసీమ ప్రతినిధులను కలిసికొనువారు రైలెప్పుడు వచ్చునని అడుగుచున్నారు. ఇకమీదట ఆ ప్రశ్నకు రెండవ ప్రశ్నను జోడింపవలెను: పిడుగు పడిన దినమున ఈ బాటమీద ఎఱ్ఱదీపము వెలుగునా, పచ్చదీపము వెలుగునా? 1940లో మన పట్టాలను ఎవరో కొనిపోయిరి. అపు డడుగుటకు మనకు అధికారము లేకుండెను. నేడు బాట మనది, ప్రభుత్వము మనది, పొలములు మనవి, ఆ పొలములలో వంగి పనిచేయువారును మనవారే. పిడుగును ఆపలేము. దాని నెపమున మన తప్పులను దాచుకొనుట మాత్రము మానవచ్చును.